ఆక్లాండు తర్వాత ఏ దీవి?

నాచారం,
2013 నవంబరు 11, సోమవారం.

చిరకాల మిత్రుడు కొమురెల్లికి చంద్రశేఖర్ నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నేనే బాగా లేను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. మొన్న ఉప్పల్‌లో మీ ఇంటికి వస్తే ఉప్పలమ్మ చెల్లెమ్మ గుమ్మంలోనే నిలబడి, "ఇంట్ల లేడన్నా, కీసర పోయిండు" అంది. నీ చెప్పులు ఆమె కాళ్ల పక్కనే ఉన్నాయి. కీసర గుట్ట ఉత్త కాళ్లతో ఎక్కావా? ఆమెను ఏమీ అనకు, అబద్ధం ఆడలేక పాపం తల దించుకుంది.

మనిద్దరికీ చెడింది రాష్ట్రం గొడవ వల్లనేనని ఫ్యాక్టరీ వాళ్లంతా అనుకుంటున్నారట. గేటు దగ్గర టీ కొట్టు రాజయ్య నా మొహం మీదే అడిగాడు, "మీరు ఆంధ్రోళ్లు, ఆయన తెలంగాణాయన, ఎన్ని దినాలు కల్సుంటరు సార్" అని. ఇరవై ఆరేళ్లు ఒక్క టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లం పసిఫిక్ సముద్రంలో ఒక దీవి కోసం కొట్టుకున్నామంటే నమ్ముతాడా?

అసలు సంగతికొస్తాను. రిటైరయ్యాక ఒక్కసారి భూమి చుట్టి రావాలని క్యాంటీన్‌లో అనుకున్నాం చూడు, ఆ టికెట్ల కోసం హబ్సిగూడ ట్రావెల్స్ ప్రశాంత్ ఈ శుక్రవారం దాకానే ఆగుతాడట. ఈ టికెట్‌తో ఎప్పుడూ తూర్పుకే పోవాలి, వెనక్కి తిరగకూడదు, ఒక్క విమానం ఎక్కకపోయినా తర్వాతవన్నీ పోతాయి. బ్యాంకాక్, సిడ్నీ, ఆక్లాండు, లాస్ ఏంజెలెస్, లండన్ కుదిరాయి. ఆక్లాండు తర్వాతి గడి ఒక్కటే ఖాళీ. అది నింపకపోతే ఇద్దరి టికెట్లూ రద్దు. ఈ ధర మళ్లీ రాదట.

నువ్వు ఫిజీ అన్నావు. పడవలో వెళ్లే చిన్న దీవి, కొబ్బరాకుల గుడిసె, మూడు పూటల తిండితో కలిపి మన జేబుకు సరిపోయే ధర. నేను హవాయి అన్నాను. అక్కడ ఒక్క రోజు గది అద్దెతో నీ దీవిలో వారం గడపొచ్చు. న్యాయం నీవైపే ఉంది. "గంత దూరం పోయి ఏసీ గదిల పండెటట్టయితే ఉప్పల్లనే పండొచ్చు గద చంద్రన్నా" అని నవ్వావు. దానికి నేను, నీ పిసినారి బతుక్కి గుడిసే ఎక్కువ అన్నాను. ప్రశాంత్ ముందర. మౌలాలి పట్టాల పక్కన గుడిసెలో పుట్టి పెరిగినవాడితో! నువ్వు లేచి వెళ్లిపోయావు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫ్యాక్టరీలో నువ్వు సరుకు కొలత చూసి ముద్ర వెయ్యనిదే నేను ఏ పెట్టెకూ గేటు పాసు రాయలేదు. మేనేజరు కామరాజు గారు నెత్తిన నిలబడి అరిచినా రాయలేదు. ఈ టికెట్టూ అంతే. ప్రశాంత్ ఇచ్చిన కాగితం దీంతోపాటు పంపుతున్నాను. ఖాళీ గడిలో నీకిష్టమైన దీవి రాసి సంతకం పెట్టు. నేను నోరెత్తను. నువ్వు రాకపోతే నేనొక్కడినీ వెళ్లలేను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను కొమురెల్లీ. వచ్చే ఏడు చూద్దామని మాత్రం అనకు. బతిమాలుకుంటున్నాను, ఆ ఒక్క మాట అనకు.

క్షమించమని అడిగే మొహం లేని
నీ చంద్రశేఖర్

తా.క.: పైదంతా రాసింది మా అమ్మాయి గీతిక. కళ్లజోడు పగిలిందని చెప్పి రాయించాను. ఇది మాత్రం తను చూడకుండా నా చేత్తో రాస్తున్నాను, వరుసలు ఒకదాని మీదొకటి ఎక్కితే కూడబలుక్కుని చదువు. జోడు బాగానే ఉంది. రెండేళ్లుగా పొద్దుగూకితే నాకేమీ కనబడటం లేదు. పగటి చూపు కూడా వచ్చే ఏడాదికి ఉండదన్నాడు డాక్టరు. ఇంట్లో తెలిస్తే గడప దాటనివ్వరు. నీ దీవికి పడవ చీకటిపడే వేళకు చేరుతుందనీ, మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒడ్డుకు నడవాలనీ ప్రశాంత్ చెప్పగానే హవాయి అని పట్టుబట్టాను. భయమని చెప్పుకోలేక నిన్ను తిట్టాను. ఫిజీ అనే రాయి. పడవలోంచి ముందు నువ్వు దిగి, నాకు చెయ్యివ్వు.