పాట మీరే పాడండి

9వ తేదీ

అక్కయ్యకి నమస్కారాలు.

సంగీత కళాశాలలు కలిసి పనిచేయాలని పైనుంచి ఆర్డరొచ్చింది. పదిహేడున మన రెండు కాలేజీలూ కలిసి ఒక్క పాటతో కమిటీని మెప్పించాలి. లేకపోతే మా కాలేజీకి తాళమే, పదకొండుమంది పిల్లలు రోడ్డున పడతారు. ఫోను మాట చెల్లదట, అన్నీ ఉత్తరాల్లో ఉండి ఫైలుకెక్కాలట. నాన్న కట్టిన పాట తీసుకుందాం. పెద్దదానివి, నీ పిల్లలే పాడాలి. మావాళ్లు వాయిస్తారు.

నీ తమ్ముడు

తా.క.: మా డ్రమ్ముకి చిల్లు పడింది. నీది పంపు.

11వ తేదీ

తమ్ముడికి ఆశీస్సులు.

గండం మీది, గొంతు మాదా? కుదరదు. మీరే పాడండి, మేం వాయిస్తాం.

అక్క

తా.క.: డ్రమ్ము పంపను. వాయించేది మేము కదా.

13వ తేదీ

అక్కయ్యకి,

నీ మాట ఎప్పుడైనా కాదన్నానా? మేమే పాడతాం. వాద్యాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

తమ్ముడు

తా.క.: తాళంచెవి కనబడటం లేదు.

13వ తేదీ

తమ్ముడికి,

రెండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. అలిగావన్నమాట. చిన్నప్పుడూ ఇంతే, మంచం కింద దూరేవాడివి. సరే నాయనా, మేమే పాడతాం. మీరు వాయించండి.

అక్క

తా.క.: డ్రమ్ము బస్సెక్కించాను.

15వ తేదీ

అక్కయ్యకి,

డ్రమ్మూ ఉత్తరమూ అందాయి. నీ ఇష్టమే నా ఇష్టం. పాట ఆపించి పిల్లల్ని మళ్లీ వాయిద్యాల ముందు కూర్చోబెట్టాను.

తమ్ముడు

తా.క.: బీరువా పగలగొట్టాం.

15వ తేదీ

తమ్ముడికి,

మీరే పాడతామన్న ఉత్తరం ఇప్పుడే అందింది. శుభం. మావాళ్ల నోళ్లు మూయించి వయొలిన్లు చేతికిచ్చాను.

అక్క

తా.క.: ఇక మార్చకురా. నాకు భయంగా ఉంది.

25వ తేదీ

తమ్ముడికి ఆశీస్సులు.

పదిహేనున మనం రాసిన ఉత్తరాలు స్టేజీ ఎక్కాక గానీ అందలేదు. తెర లేచింది, నీవాళ్లూ నావాళ్లూ నాలుగు నిమిషాలు వాయించారు, పాడే నాథుడే లేడు. నువ్వు నన్ను చూశావు, నేను నిన్ను చూశాను. ఎవరం ముందు లేచామో గానీ ఇద్దరం పాడేశాం. రెండో చరణంలో నాన్న గుర్తొచ్చి నేను పదం మరిచిపోతే నువ్వే అందుకున్నావు. ఎంత ఏడుపొచ్చిందో!

కమిటీ మన ఫైలంతా చదివిందట. వీళ్లు కలిసి పాడగలరు గానీ దూరాన ఉంటే కలిసి పనిచేయలేరని తేల్చి, రెండు కాలేజీల్నీ ఒకే భవనంలో పెట్టేసింది. నీ పదకొండుమందికీ ఢోకా లేదు. నీ గది నా గది పక్కనే.

అక్క

తా.క.: బోర్డు మీద మీ కాలేజీ పేరే ముందు రాయమని పెయింటరుకి చీటీ పంపాను. అక్క కాలేజీ పేరే ముందు రాయమని నీ చీటీ కూడా అందిందట. అతను బోర్డంతా తెల్లరంగు పూసి వెళ్లిపోయాడు.