కడగని ట్రేలు

అక్కకి,

నీ క్షేమం అడగడానికి మనసు రావడం లేదు. నీ చెక్కట్రేలు ఇరవై నాలుగూ వ్యానులో పంపిస్తున్నాను, దించుకో.

నా పుట్టగొడుగులు కాడలు సాగి, తలలు వాల్చేస్తుంటే, "నీ చేతులు శుభ్రంగా ఉండవే" అని మా అత్తగారి ముందే అన్నావు. నమ్మాను. అరచేతులు పగిలేదాకా కడుక్కున్నాను. ఆయన్ని కూడా షెడ్డులోకి రానివ్వలేదు.

మొన్న ల్యాబుకి వెళ్ళాను. ఏదో ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ట, పుట్టగొడుగులకే పడుతుందట. పాత ట్రేలకి అంటుకున్న బూజుపోగుల్లోంచి కొత్త పంటకి పాకుతుందట. ట్రేలెక్కడివని అడిగితే నీ పేరు చెప్పాను. "ఆవిడకి వేసవిలోనే చెప్పాం కదండీ, తగలబెట్టెయ్యమని!" అంది అక్కడి మేడమ్.

వేసవి దాటాకే కదక్కా, "కొత్తగా మొదలుపెడుతున్నావు, నావి వాడుకో" అంటూ నువ్వే మోసుకొచ్చావు! నీ షెడ్డులోకి మాత్రం ప్లాస్టిక్‌వి వచ్చాయి. నేనెంత మురిసిపోయానో.

తగలబెట్టేదాన్నే, కానీ నీ వస్తువులు. ఒక్కొక్కటీ మరిగే నీళ్ళలో ముంచి, తోమి, ఎండబెట్టాను. భయపడకుండా వాడుకో. ఒకరికి ఇచ్చేది ఏదైనా కడిగి ఇవ్వాలని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే.

నీ చెల్లెలు