ఖర్జూరం ఇప్పుడే తేకండి

నరసరావుపేట

అబ్బాజాన్‌కు, అమ్మీకి సలాం. కంగారు పడకండి, బాబు బాగున్నాడు. ఫోన్లో చెబితే మీకు సగం వినపడదు, మిగతా సగం అమ్మీ ఏడుపులో పోతుంది. అందుకే ఈ కార్డు.

నెలలు నిండకుండా పుట్టాడు కదా, ఇన్నాళ్లూ నోట్లో గొట్టం పెట్టి పాలు పోశారు. గొట్టం తీసేశాక కూడా పెదాలకు ఏది తగిలినా ఒళ్లు బిగుసుకుని మొహం తిప్పేసేవాడు. "నోరు నువ్వు తెరవమాకమ్మా, వాడే తెరవాల. ఊరికే చెంప మీద వేలు పెట్టుకోని కూచో" అంది ఆసుపత్రి నర్సమ్మ. ఈ ఉదయం వాణ్ణి గుండెల మీద వేసుకుని, వేలికి పాలచుక్క అంటించుకుని అలాగే కూర్చున్నాను. కిటికీ ఎండకు వాడి చెవి ఎర్రగా వెలుగుతోంది. చూస్తూ చూస్తూ మాగన్నులోకి జారాను. కలలో వేలికి ఏదో వెచ్చగా, తడిగా తగిలింది. కళ్లు తెరిస్తే కల కాదు, నాలుక! పిల్లికూన నాలుకంత ఉంది అబ్బాజాన్. చుక్క నాకేసి, నిద్రలో ఇంకా తాగుతున్నట్టే పెదాలు కదుపుతున్నాడు.

మీ పాత లుంగీ, ఆ మెత్తనిది, బాబును చుట్టడానికి ఉతికి తమ్ముడితో పంపండి. మేక ఈనిందా? అమ్మీ మోకాలికి మందు రాస్తోందా?

మనవడి నోట్లో మొదటి తీపి మీరే పెట్టాలని ఖర్జూరం దాచి ఉంచారట. డాక్టరు సరే అనేదాకా తేకండి, కోప్పడకండి. మీ రిపేరు షాపు గ్రీజు పోయేలా చేతులు కడుక్కుని రండి. వాడి చెంప మీద వేలు పెట్టి ఊరుకోండి. మిగతా దూరం వాడే వస్తాడు.

మీ దువా కోరుతూ,
రిజ్వానా