కొలిమి చల్లారేదాకా

అమ్మా,
కులాసాగా ఉన్నాను. "నీ నత్తనడకకి వారంలో ఇంటికి పంపించేస్తారే" అన్నావుగా, పంపలేదు! ఇక్కడ సోలార్ పలకల కోసం సిలికాన్ శుద్ధి చేస్తాం. కొలిమిలో కరిగించి, అడుగు నుంచి మెల్లమెల్లగా గడ్డకట్టనిస్తే మురికంతా పైకి చేరుతుంది. ఆ పైచెక్క కోసి పారేస్తాం. తొందరపడితే మురికి లోపలే ఉండిపోతుంది. చురుకైనవాళ్లు ఇద్దరు వరసగా రెండు దిమ్మలు పాడుచేశారు. మూడోది నాకప్పగించారు. పరీక్ష చేస్తే నా దిమ్మంత స్వచ్ఛమైనది ఈ ఏడాది రాలేదట!
"ఇంత నిదానం ఎక్కడ నేర్చావమ్మా?" అన్నాడు ఫోర్‌మన్.
"మా ఇంట్లో దీన్ని బద్ధకం అంటారండీ" అన్నాను. పడీ పడీ నవ్వి, ఆ కొలిమి నాకే ఇచ్చేశాడు. ఉద్యోగం ఖాయమైంది.

నా నీలం స్వెట్టర్ పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నన్ను నత్త అని పిలిచే అన్నయ్యకి ఈ కార్డు గట్టిగా చదివి వినిపించు. నాన్నకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

అన్నట్టు, ఇదంతా జరిగి నెల దాటింది. రాద్దాం రాద్దాం అనుకుంటే ఇవాళ్టికి కుదిరింది.
నీ నత్త