అమ్మ పాటలో మూడో చరణం

బుడాపెస్ట్,
1974 అక్టోబరు 6

ప్రియమైన నాన్నా,

ఎలా ఉన్నావు? మా అయిదుగురి తంత్రీ వాద్య బృందానికి ఇప్పుడు క్షణం తీరిక లేదు. పొద్దున బడిపిల్లలకి హేడెన్ శాస్త్రీయ సంగీతం, సాయంత్రం ఫ్యాక్టరీ హాల్లో చార్దాష్ నాట్యానికి పాటలు. ఎవరేది అడిగితే అది వాయిస్తాం. ఏప్రిల్‌లో రేడియోలో కచేరీ ఉంది. అందులో అమ్మ పాడే ఆ నిదానపు పాట ఉండాలని నేనే పట్టుబట్టి, స్వరాలన్నీ రాసిచ్చాను. వాయించి చూశాక మా నాయకుడు ఆర్పాద్ ఫిడేలు విల్లు దించేసి, "అన్నీ సరిగ్గానే ఉన్నాయి ఎటెల్కా, పాట ఒక్కటే లేదు" అన్నాడు.

అది నీ ఫిడేలులో ఉంది నాన్నా. అమ్మ పోయాక నువ్వు వాయిస్తుంటే వంటింట్లో నిలబడి విన్నదాన్ని. రెండు వారాలు వచ్చి నేర్పవూ? ఈ బృందంలో చేరి మూడేళ్లయింది, నా కచేరీకి నువ్వు ఒక్కసారీ రాలేదు.

నీ ఎటెల్కా

మాటెసాల్కా,
అక్టోబరు 20

తల్లీ ఎటెల్కా,

రాలేనమ్మా. కోతలయ్యాయి, పెళ్లిళ్లు వరసగా ఉన్నాయి. నేను లేకపోతే మన మేళంవాళ్లకి ముందు నిలబడేదెవరు? అయినా కాగితం చూసి వాయించే దొరల మధ్య ఈ జిప్సీ ఫిడేలువాడికేం పని! నువ్వు సంగీత అకాడమీకి బయలుదేరిన రోజే చెప్పానుగా, నన్ను చూసి సిగ్గుపడే రోజొస్తుందని.

ప్లమ్ పళ్ల జామ్ రెండు సీసాలు పంపుతున్నాను. చలికి మెడ కప్పుకో.

మీ నాన్న

బుడాపెస్ట్,
1975 మార్చి 2

ప్రియమైన నాన్నా,

మొన్న స్టేషన్లో మన బేనీ మామ కనిపించాడు. "మీ నాన్న మా అమ్మాయి పెళ్లికి వాయించనన్నాడే! ఏడాదిగా ఫిడేలే ముట్టలేదట. వీధిలో పిలిచినా పలకడు. ముసలాడికి పొగరెక్కింది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పెళ్లిళ్లని నాకెందుకు అబద్ధం రాశావు? నా మీద కోపముంటే తిట్టు. ఇలా దూరంగా ఉండిపోకు. ఏ ఊళ్లో వాయించినా, విల్లెత్తే ముందు జనంలో నీ మొహం వెతుక్కుంటాను.

ఎదురుచూస్తూ,
ఎటెల్కా

మాటెసాల్కా,
మార్చి 11

నా బంగారుతల్లీ,

కోపం కాదమ్మా. చెవులు పోయాయి. ముందు ఎడమది, పోయిన ఈస్టర్ నాటికి కుడిదీ. ఫిడేలువాడికి చెవుడని ఊళ్లో ఎలా చెప్పుకోను? పొగరనుకుంటే అదే నయమనుకున్నాను.

ఇంకో సంగతి. జనవరిలో మీరు డెబ్రెట్సెన్‌లో వాయించినప్పుడు నేనొచ్చాను. వెనక వరసలో, స్తంభం చాటున కూర్చున్నాను. నీ విల్లు కదులుతోంది, పక్కావిడ తల ఊపుతోంది, నాకు ఒక్క స్వరం కూడా వినపడలేదు. తట్టుకోలేక లేచి వచ్చేశాను.

కానీ నీ వేళ్లు చూసి అది మీ అమ్మ పాటేనని పోల్చుకున్నాను. మూడో చరణం ముందు నీ భుజం లేస్తోంది. తొందరపడుతున్నావు. అక్కడ మీ అమ్మ ఆగేది. ఊపిరి కోసం కాదు, ఏడుపు దిగమింగుకోడానికి. అంతసేపూ నువ్వూ ఆగు.

కళ్లింకా పనిచేస్తున్నాయి కాబట్టి వస్తాను. మీలో ఆ నిలువెత్తు బేస్ ఫిడేలు వాయించే లావుపాటాయన్ని ఒక మాట అడిగి రాయి. మీరు వాయిస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని, ఆ చెక్క మీద చెయ్యి ఆనించుకుంటానంటే ఆయనేమైనా అనుకుంటాడా?

మీ నాన్న,
డెజో