తాడెవరిది?

డిసెంబరు 2, మంగళవారం

చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాను. పై రెండూ మా ఆవిడ పెట్టింది. చలి అన్నాను. ఎడమ చేతి నాలుగు వేళ్ళూ సున్నం రాసినట్టు తెల్లగా... పొయ్యి దగ్గర పెడితే రంగు వచ్చింది, స్పర్శ రాలేదు. వినాయక చవితి నుంచీ తిమ్మిరి ఉంది. బొత్తాల దాకా రావడం ఇవాళే.

డిసెంబరు 5, శుక్రవారం

కడియం వైపు నేరేడు చెట్టు. సత్యం పైన, నేను కింద. చెల్లిని వాడికి ఇచ్చిన ఏడాదే చెట్లు కొట్టే పనిలోకి వచ్చాడు, పదకొండేళ్ళుగా ఇంతే. కొమ్మకు తాడు కట్టి, కొస కిందికి వదిలి, రంపం మిషను స్టార్ట్ చేసే ముందు పైనుంచి అరుస్తాడు — "తాడెవరిదీ?" నేను "నాది" అంటాను. ఆ మాట వినకుండా కోత పెట్టడు. ఈ అలవాటు నేను పెట్టిందే. మొదటి ఏడాది నేను పట్టుకున్నానని కూలీ, కూలీ పట్టుకున్నాడని నేను అనుకున్నాం — కొమ్మ వెళ్ళి గోడ మీద పడింది. ఆ గోడ పక్కన మనిషి లేకపోబట్టి సరిపోయింది.

ఇవాళా "నాది" అన్నాను. కొమ్మ విరిగింది. తాడు జారిపోతోందని చేతులకు తెలియలేదు. గ్లౌజు కాలిన వాసన ముందు వచ్చింది, అప్పుడు చూసుకున్నాను. బిగించేసరికే కొమ్మ నేల మీద ఉంది.

"ఏంటి బావా, అలా వదిలేశావు?"

మంచుకి తాడు తడిసిందన్నాను. నమ్మాడు. నేను చెప్పింది వాడు నమ్మనిదెప్పుడు గనక.

డిసెంబరు 8, సోమవారం

రాజమండ్రి వెళ్ళాను, డాక్టరు దగ్గరికి. ఇంట్లో మిషనుకు కొత్త చైను కొనడానికని చెప్పాను. అబద్ధం నిలబడాలి కదా, వచ్చేటప్పుడు చైను కూడా కొన్నాను.

కళ్ళు మూసుకోమని ఒక్కో వేలూ సూదితో గుచ్చారు. "తెలుస్తోందాండి?" కొంచెం తెలుస్తోందన్నాను. "ఇప్పుడు నేను గుచ్చలేదండి" అన్నారు.

ఇరవై ఏళ్ళ మిషను అదురు. నరాలు దెబ్బతిన్నాయట, వేళ్ళకు రక్తం సరిగా వెళ్ళడం లేదట. తిరిగి వస్తుందా అని అడిగాను. "పోయింది వస్తుందని చెప్పలేనండి. ఉన్నది కాపాడుకోండి. ముందు మిషను ఆపేయండి." చేతులు చల్లబడకూడదు, చుట్ట మానెయ్యాలి. సరే. తాడు పట్టుకోవచ్చా అని మాత్రం అడగలేదు. అడిగితే వద్దంటారని.

డిసెంబరు 9, మంగళవారం

చెప్పలేదు.

డిసెంబరు 11, గురువారం

మానుకు తాడు రెండు చుట్లు వేసేవాణ్ణి, ఇవాళ మూడు వేశాను. రాపిడి ఎక్కువైతే చేతి మీద బరువు తగ్గుతుంది కదా అని. కొమ్మ సగంలో టక్కున ఆగింది, ఊగి సత్యం మోకాలి పక్కనుంచి పోయింది.

"మూడెందుకేశావు బావా? ఆగితే ఊగుద్దని నువ్వే కదా చెప్పావు."

అవును, నేనే చెప్పాను. తాడు చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు, మానుకు చుట్టు. బరువు మాను మోస్తుంది, మన పని వదులుతూ పోవడం. ఎంత వదలాలో వేళ్ళకు తెలుస్తుంది. వాడికి నేర్పిన మొదటి పాఠం ఇది.

సాయంత్రం చెల్లి ఫోను. పిల్ల చదువు, గేదె ఈనడం... మాటల్లో మాటగా — "కింద నువ్వుంటావు కదన్నయ్యా, నాకేం బెంగ లేదు."



డిసెంబరు 14, ఆదివారం

చెట్టు కొట్టాలని కబురు పెట్టిన మాస్టారుగారి ఇంటికి ఇద్దరం వెళ్ళి చెట్టు చూసి వచ్చాం. నిద్రగన్నేరు. ఒక కొమ్మ నా నడుమంత లావు, సరిగ్గా వంటింటి పెంకుల మీదికి. "పెంకులు జాగ్రత్తండి, ఇలాంటివి ఇప్పుడు దొరకట్లేదు" అన్నారు. "కింద మా బావ ఉంటాడండి, మీరు ధైర్యంగా ఉండండి" అన్నాడు సత్యం. బుధవారానికి ఒప్పుకున్నాం.

దారిలో వాడికి చెప్తూనే ఉన్నాను. కొనలు ముందు తీసెయ్, బరువు తగ్గించు. కింద గాటు పెట్టాకే పై కోత, లేకపోతే బెరడు చీలుకుంటూ నీ దాకా వస్తుంది. అన్నీ తెలిసినవాడికే చెప్తున్నాను. చెప్పాల్సింది తప్ప. తాడు దగ్గర ఇంకో మనిషిని పెట్టుకుందామా అన్నాను. "ఎందుకు బావా, దండగ" అన్నాడు.

డిసెంబరు 16, మంగళవారం

రేపు. చెప్పేస్తే ఆ తరువాత నేనెవరిని? మిషను ఉండదు, తాడు ఉండదు. కట్టెలు పేర్చుకుంటూ కూర్చునేవాణ్ణి. సిగ్గుగా ఉంది. ఈ సిగ్గు కోసం చెల్లి మొగుణ్ణి చెట్టెక్కిస్తున్నాను... ఛీ.

డిసెంబరు 17, బుధవారం

కొనలు బాగానే దిగాయి, చిన్నవి. పెద్ద కొమ్మకు తాడు కట్టాడు. పనికి పిలిచిన కూలీలు ఇద్దరూ దూరంగా కొమ్మలు ఈడుస్తున్నారు. వాళ్ళకు తాడు లాగడం వచ్చు, వదలడం రాదు.

"తాడెవరిదీ?"

కొమ్మ కింద వంటింట్లోంచి తిరగమోత వాసన.

"బావా! తాడెవరిదీ?"

"నాది కాదు. దిగు."

"ఏంటీ?"

"నా చేతులకు తెలియడం లేదురా. దిగిపో."

దిగాడు. గ్లౌజులు తీసి చూపించాను. "ఎప్పటినుంచి?" అన్నాడు. వినాయక చవితి నుంచి అన్నాను. అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. అప్పటినుంచి ఎక్కిన చెట్లు లెక్కపెడుతూ, వేళ్ళు ముడుస్తూ — "ద్వారపూడి చింత?" అవును. "కాలవగట్టు మీద రావి?" అవును. "ఆత్రేయపురం మామిడిచెట్లు, మూడూనా?" మూడూ. ఆ మామిళ్ళలో ఒకదాని మీద నడుం బెల్టు విప్పి, తాడు కొస ఒంటికి కట్టుకుని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మారాడు, కింద పట్టుకున్నది నేనని. నాకూ అదే గుర్తొచ్చింది.

మాస్టారుగారికి "ఇవాళ కాదండి" అని చెప్పి బండి తీశాడు. నన్ను ఎక్కమనలేదు. తాడు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను. మా ఆవిడకు అంతా చెప్పాను.

డిసెంబరు 18, గురువారం

రాలేదు.

డిసెంబరు 19, శుక్రవారం

రాలేదు. ఆకురాయి తీసుకుని కొత్త చైను పళ్ళకు పదును పెడుతూ కూర్చున్నాను. కొత్తదానికి పదునెందుకు?

డిసెంబరు 20, శనివారం

చెల్లి ఫోను. "ఆయనకి తాడు కావాలంట. సోమవారం పొద్దున్నే వస్తారు." ఇంకేం చెప్పలేదు. పెట్టేసే ముందు మాత్రం — "నాకైనా చెప్పాల్సింది కదన్నయ్యా." ఏడుస్తోంది. నాకూ ఆగలేదు.

డిసెంబరు 21, ఆదివారం

తాడు ఉతికి ఆరేశాను. ఇచ్చే ముందు చూడాలి. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య నుంచి జారనిస్తూ తడమాలి. లోపల పోగులు తెగిన చోటు కంటికి కనపడదు, చేతికే తగులుతుంది. ప్రతి ఆదివారం చేస్తూనే ఉన్నాను. ఏమీ తగల్లేదు, తాడు బాగుందనుకున్నాను.

ఇవాళ చెంపకు ఆనించి లాగాను.

కొస నుంచి నాలుగు బారల దగ్గర పలచగా ఉంది. మళ్ళీ లాగాను. అక్కడే. మూడోసారీ అక్కడే. ఎన్ని ఆదివారాలుగా ఉందో. ఆత్రేయపురం ముందో, తరువాతో...

అక్కడికి కోసేస్తే సరిపోతుంది. నాలుగు బారలు పొట్టి అవుతుంది, ఎవరూ కొలవరు, ఈ పలచన సంగతి సత్యానికి తెలియదు. కత్తి తెచ్చుకున్నాను కూడా. కొయ్యలేదు. మా ఆవిడ పాత ఎర్ర జాకెట్టు చింపి అక్కడ గుర్తుగా కట్టబోయాను. నాకు ముడి పడలేదు. తనే వేసింది.

డిసెంబరు 22, సోమవారం

ఆరు దాటింది. మంచు. తాడు చుట్ట చుట్టి అరుగు మీద పెట్టాను, ఎర్రగుడ్డ పైకి కనిపించేలా. కాఫీ పెట్టనా అంటోంది మా ఆవిడ. ఆగమన్నాను.

వీధి చివర బండి చప్పుడు. సత్యందే. గేటు దగ్గర ఆగింది. లోపలికి వస్తున్నాడు. అరుగు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఎర్రగుడ్డ చూసినట్టున్నాడు, అదేంటో చెప్పడానికి లేస్తున్నాను.