విరిగిన క్లిప్పు

ప్రియమైన మీకు,

మన పిట్టకు పళ్ల డాక్టరు క్లిప్పు పెట్టి పది రోజులైంది. కింది దవడ వెనక్కుండిపోయిందట. ఎదిగే వయసు కాబట్టి ఇప్పుడైతే ముందుకు తేవచ్చన్నారు. పైనొకటి, కిందొకటి గట్టి పలకలు. నోరు మూస్తే దవడ ముందుకు రావాల్సిందే. తినేటప్పుడు తప్ప తీయకూడదు. చొంగ కారుతోంది, మాట ముద్దగా వస్తోంది. రోజంతా కుట్టుమిషన్ల మోతలో కూర్చుని వచ్చాక దాని మాట వినడానికి ఓపిక ఉండడం లేదు.

అసలు సంగతి ఇది. నిన్న దాని పెదవి చిట్లింది. కింది పలక విరిగి తీగ బుగ్గలో దిగింది. బడి వ్యాను డ్రైవరు కొట్టాడు. అది మాత్రం తల వంచుకుంటుందే తప్ప నోరు విప్పదు.

మీ ఇల్లాలు

*

ప్రియమైన నీకు,

ఉత్తరం చదివినప్పట్నుంచి క్వారీలో ఏ బండను చూసినా వాడి మొహమే కనిపిస్తోంది. పదేళ్ల పిల్ల మీద లేచిన చెయ్యి వాడికుండకూడదు. శనివారం వస్తున్నాను. ఎవరికీ చెప్పకు.

పిట్ట నాన్న

*

ప్రియమైన నీకు,

క్వారీకి చేరాను. ఇంట్లో అరగంటైనా కూర్చోలేదని కోపం పెట్టుకోకు.

నువ్వు పక్కనే ఉండి చూసిందే అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. మన గుమ్మం ముందే ఆ డ్రైవరుని వ్యాను దిగమన్నాను. "ఏమైంది సార్?" అన్నాడు. నా కూతురి నోరు పగలగొట్టి ఏమైందంటావా అని మొదటి గుద్దు గుద్దాను. "నేను కొట్టలేదు సార్, పాపనే అడగండి" అంటూనే ఉన్నాడు. అడిగాను. నీ పక్కన నిలబడి పిట్ట తలూపింది. ఇక ఆగలేదు. వ్యాను తలుపుకేసి వాడి మొహం బాదాను. పడ్డాక కూడా తన్నాను. దవడ పటుక్కుమనడం విన్నాను. దాచడమెందుకు, కడుపు చల్లబడింది. నా వేళ్లింకా వాచే ఉన్నాయి.

పిట్టకు కొత్త క్లిప్పు చేయించు.

పిట్ట నాన్న

*

ప్రియమైన మీకు,

కొట్టింది నేను.

ఆ రోజు పని నుంచి వచ్చి నేనేదో అడిగితే పిట్ట ఏదో అంది. అర్థం కాలేదు. మళ్లీ అంది. చొంగ నా చేతి మీద పడింది. ఆ చేతిలోనే గరిటె ఉంది. మొదటి దెబ్బకే నెత్తురొచ్చింది, అయినా ఇంకో రెండు వేశాను. అది ఏడవలేదు. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. పక్కింటామె వచ్చి ఏమైందని అడిగితే డ్రైవరు పేరు నోటికొచ్చింది. మీరడిగినప్పుడు నా చెయ్యి దాని భుజం మీద ఉంది, అందుకే తలూపింది.

ఆ డ్రైవరు దవడ రెండు చోట్ల విరిగింది. నోరు తీగలతో కట్టేశారు, గొట్టంతో పాలు పడుతున్నారు. ఆసుపత్రికెళ్లి ఆయన భార్యకు అంతా చెప్పాను. పళ్లు కదిలేలా చెంప మీద కొట్టింది. తర్వాత, "ఇప్పుడు ఆ పిల్ల ఎవరి దగ్గరుంది?" అనడిగింది.

పిట్టను మా అక్క దగ్గర దించాను. పోలీసు స్టేషనులో నేను చేసిందీ మీరు చేసిందీ రాసిచ్చాను. పోలీసులు క్వారీకి వస్తారు, పారిపోకండి.

అక్క గుమ్మం దగ్గర పిట్ట ఒకటడిగింది. "అబద్ధానికి తలూపాను కదా, నాన్న నన్ను కూడా అలాగే కొడతాడా?"

మీరే చెప్పండి.

పిట్ట అమ్మ